గురువారం ప్యానెల్ ఉంది, ‘నువ్విక్కడివాడివి కాదు’ అనే గొంతు లోపల ఆగట్లేదు

విభాగం: విశ్వాసం, జీవితం › చెన్నై తెలుగువాళ్ళు

గుండ్లకమ్మ_కుర్రోడు · శుక్రవారం రాత్రి 11:48

అందరికీ వందనాలు. చాన్నాళ్ళ నుంచి ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. నాన్నది చీమకుర్తి గ్రానైటు క్వారీలో పని. ఊరికి దగ్గర్లో ఒక కాలేజీలో ఇంజనీరింగ్ చదివి నాలుగేళ్ళ కిందట చెన్నై వచ్చా. షోళింగనల్లూరులో ఉద్యోగం. మా ఆఫీసు లాబీలో పరిచింది మా చీమకుర్తి నల్లరాయే, వెండి చుక్కలు మెరుస్తుంటయ్. నాన్నావాళ్ళు కోసే రాయి మీద రోజూ దొంగలాగా నడిచిపోతుంటా.

లీడ్ పోస్టుకు నా పేరు పంపారు. వచ్చే గురువారం ప్యానెల్ ముందు ఇరవై నిమిషాలు మాట్లాడాలి. పని వచ్చు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేపేది నన్నే. నోరు తెరిస్తేనే కష్టం. మూడు నెలల కిందట ఒక కాల్‌లో ‘వోన్లీ’ అన్నా. మ్యూట్‌లో ఉన్నాననుకుని ఒకాయన ‘వోన్లీ, వోన్లీ’ అని నవ్వాడు. అప్పట్నుంచి కెమెరా ఆపేసి, చెప్పాల్సింది చాట్‌లో టైపు చేస్తున్నా.

ఇంకోటి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఆదివారం మా తెలుగు సంఘంలో యూత్‌కు వాక్యం చెప్పేది నేనే. పోయిన వారం ‘క్రీస్తునందు మీరు నూతన సృష్టి’ అని అరగంట చెప్పా. సోమవారం పొద్దున మీటింగ్‌కు పది నిమిషాల ముందు చేతులు వణుకుతుంటే పోయి బాత్రూంలో కూచున్నా. ఈ ఇద్దరిలో నేనెవర్ని? అమ్మకు ఫోన్ చేస్తే ‘ప్రార్థన చెయ్యి నాయనా’ అంటది. చేస్తానే ఉన్నా.

విజయ_ధ్వని · శుక్రవారం రాత్రి 11:57

బ్రదర్, ప్రైజ్ ది లార్డ్!! ఫిలిప్పీ 4:13. ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను.’ రోజూ పొద్దున్నే అద్దం ముందు ఇరవై ఒక్కసార్లు గట్టిగా పలకండి. మీరు తల, తోక కాదు. ఆ సీటు మీదేనని క్లెయిమ్ చేసుకోండి. నవ్వినవాడే రేపు మీ కింద పనిచేస్తాడు. ఆమేన్!

ప్రశ్నల_తోమా · శనివారం తెల్లవారి 12:20

విజయ_ధ్వని గారూ, దాని పై వచనం కూడా ఒకసారి చదవండి. ‘దీనస్థితిలో ఉండ నెరుగుదును, సంపన్నస్థితిలో ఉండ నెరుగుదును.’ పౌలు అది రాసింది బంధకాల్లో ఉండి. అక్కడ ‘సమస్తం’ అంటే ఆకలికీ తట్టుకోగలను, కడుపు నిండినా తట్టుకోగలను అని. ప్రమోషన్ వస్తుందన్న హామీ అందులో ఎక్కడుందో నాకు కనపడలేదు.

అసలు నా సందేహం ఇది. నేను చిన్నప్పుడు బాప్తిస్మం తీసుకున్నవాణ్ణే, ఇప్పుడు గుడికి సరిగ్గా వెళ్ళను. ‘నేను రాజుగారి బిడ్డను’ అని అద్దం ముందు చెప్పుకోవడానికీ, ‘నేను సింహాన్ని’ అని చెప్పుకునే వ్యక్తిత్వ వికాసం క్లాసుకూ తేడా ఏంటి? రెండూ మనకి మనం ఎక్కించుకునే మత్తే కదా. తమ్ముడు అడిగినదానికి మత్తు సమాధానం కాకూడదు.

పెరంబూరు_ఆంటీ · శనివారం ఉదయం 6:05

నాయనా, నేను ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. వాక్యం తర్వాత చెప్తాను. ముందు ఇది చెప్పు. రాత్రి పన్నెండింటికి పోస్టు పెట్టావు. ఎన్నింటికి పడుకుంటున్నావు? పొద్దున ఏం తిన్నావు? కాఫీలెన్ని? ఈ వణుకు మీటింగ్ అప్పుడే వస్తుందా, ఊరికే కూర్చున్నా వస్తుందా?

ఏలీయా కథ తెలుసుగా, 1 రాజులు 19. కర్మేలు మీద అంత చేసినవాడు యెజెబెలు రాణి చంపిస్తానని ఒక్క కబురు పంపేసరికి అరణ్యంలోకి పరుగెత్తి, బదరీవృక్షం కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అన్నాడు. దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. తట్టి లేపి, ‘నీవు లేచి భోజనము చేయుము’ అన్నాడు, అంతే. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి, మళ్ళీ అదే మాట. ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది’ అని ఒక్క ముక్క కలిపాడు. నాకు ఈ దూత చాలా ఇష్టం. మంచి నర్సు.

రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, బతకడం దండగ అనిపించినా డాక్టరు దగ్గరికి పో. టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. అది విశ్వాసం లేనివాళ్ళ పని అని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు.

గుండ్లకమ్మ_కుర్రోడు · శనివారం ఉదయం 9:32

ఆంటీ, కాఫీలు ఐదు. రాత్రి రెండు దాటుతది పడుకునేసరికి. పొద్దున ఏమీ తినను, క్యాబ్ పోతదని. బతకడం దండగ అని మాత్రం లేదు, ఒట్టు. వణుకు మాట్లాడాల్సినప్పుడే.

తోమా అన్నా, మీరడిగిందే నేనూ అడుక్కుంటున్నా. అద్దం మంత్రం చేసి చూశా. కాసేపే ఉంటది.

నాలుక_మాంద్యం · శనివారం మధ్యాహ్నం 1:15

నా పేరు చూసే ఉంటారు. నిర్గమ 4:10, ‘నాలుక మాంద్యం గలవాణ్ణి’ అని మోషే దేవుడితో అన్న మాట. నాకు చిన్నప్పట్నుంచీ నత్తి. టి.నగర్‌లో బ్యాంకు కౌంటర్లో పదిహేడేళ్ళుగా పని. టోకెన్ నంబర్ పిలవడం కూడా ఒక యుద్ధమే, ‘ప’తో మొదలయ్యే పేరు వస్తే మరీను.

కుర్రోడా, మోషే కథలో నన్ను చాలా ఏళ్ళు ఏడిపించిన విషయం ఒకటుంది. మనిషికి నోరిచ్చింది ఎవడు, నేను కాదా అంటాడు దేవుడు. సరే, అయితే బాగు చెయ్యొచ్చుగా? చెయ్యలేదు. అహరోనును తోడిచ్చాడు. నత్తి నత్తిగానే ఉంది, ఫరో ముందుకు పంపాడు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో స్వస్థత కూటాలకు నన్ను తీసుకెళ్ళి తల మీద చేతులుంచేవారు. నత్తి పోలేదు, ‘విశ్వాసం చాల్లేదు’ అనే మాట మాత్రం కొత్తగా ఇంటికి తెచ్చుకున్నాం.

మోషే సంగతి అలా ఉంచు, నీకు కావల్సింది పేతురు. మత్తయి 26:73 తియ్యి. యేసును పట్టుకెళ్ళిన రాత్రి ప్రధాన యాజకుడి పెరట్లో చలిమంట దగ్గర అతన్ని పట్టించిందేంటి? ముఖం కాదు, బట్టలు కాదు. ‘నీ పలుకు నిన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నది’ అన్నారు. యాస! గలిలయ యాస. నోరు తెరవగానే, ఓహో, నువ్వు అటువైపోడివి అని రాజధానివాళ్ళు తేల్చేశారు. అతను ఒట్టు పెట్టుకుని మరీ బొంకాడు. భయం యేసును ఎరుగుదువా అన్న ప్రశ్నకే కాదు, తన నోటికీ అనుకుంటాను. ఆ రాత్రి పేతురుకు కెమెరా ఆపేసే వీలుంటే ఆపేసేవాడే.

ఏడు వారాల తర్వాత అదే యెరూషలేములో వేలమంది ముందు లేచి నిలబడ్డాడు. యాస మార్చుకుని కాదు.

ప్రశ్నల_తోమా · శనివారం మధ్యాహ్నం 1:40

ఒక్క నిమిషం అన్నా. పేతురు లేచి నిలబడ్డ ఆ పెంతెకొస్తు రోజున శిష్యులకు అన్య భాషలు వచ్చాయి కదా. అంటే నోరు బాగుపడ్డట్టే. మీ వాదన అక్కడ జారుతోంది.

నాలుక_మాంద్యం · శనివారం మధ్యాహ్నం 2:05

జారదు. అపొస్తలుల కార్యములు 2:7 చూడు. అన్ని భాషలు విన్నాక కూడా జనం అన్నదేంటి? ‘మాటలాడుచున్న వీరందరు గలిలయులు కారా?’ గుర్తుపట్టేశారు! యాస వల్లే పట్టారో, వేషం వల్లే పట్టారో ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు, ఒప్పుకుంటాను. అటువైపోళ్ళన్న ముద్ర మాత్రం ఎటూ పోలేదు. 4:13లో సభవాళ్ళు కూడా ‘విద్యలేని పామరులని గ్రహించి’ ఆశ్చర్యపడ్డారనే ఉంది. గ్రహించారట! దాచలేదు, దాచే ప్రయత్నమూ లేదు. ఆ వెంటనే, వీళ్ళు యేసుతో ఉన్నవారని గుర్తుపట్టారు.

ఈ రెంటి మధ్యా ఏం జరిగిందంటే యోహాను 21 జరిగింది. ఒడ్డున నిప్పులు, వాటి మీద చేపలు. పెరట్లో పేతురు చలి కాచుకున్న బొగ్గుల మంటకీ ఈ ఒడ్డున నిప్పులకీ గ్రీకులో వాడిన మాట ఒకటే, కొత్త నిబంధనలో ఆ మాట ఈ రెండు చోట్లే వస్తుంది. మూడుసార్లు బొంకినవాణ్ణి మళ్ళీ నిప్పుల దగ్గరే కూర్చోబెట్టి మూడుసార్లు అడిగాడు. ‘నువ్వు గొప్పవాడివి’ అని ఒక్కసారీ అనలేదు చూడు. ‘నన్ను ప్రేమిస్తున్నావా? అయితే నా గొర్రెలను మేపు.’ ఇంతకంటే హీనంగా నన్నెవరూ చూడలేరు, చూసినవాడే నాకు పని అప్పజెప్పాడు అని తెలిసినవాడికి ఇంక జనం నవ్వు ఏపాటి? తోమా, సింహం క్లాసుకూ దీనికీ తేడా నాకు అక్కడ కనపడుతుంది. క్లాసులో నా గురించి నేను చెప్పుకోవాలి. ఇక్కడ నా గురించి అంతా తెలిసినవాడు చెప్తున్నాడు.

ప్రశ్నల_తోమా · శనివారం సాయంత్రం 6:50

ఆలోచిస్తున్నాను. పూర్తిగా ఒప్పుకున్నానని కాదు.

నేనుండేది ఆలందూరు. సాయంత్రాలు పరంగిమల ఎక్కుతుంటాను, దాదాపు 300 అడుగుల గుట్ట. పైన 1523 నాటి గుడి. యేసు శిష్యుడు తోమా క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడనీ, 72లో ఇక్కడ హతసాక్షి అయ్యాడనీ సంప్రదాయం. ఇవాళ మెట్లు ఎక్కుతూ ఒకటి అనుకున్నాను. ‘అనుమానపు తోమా’ అని పేరు పెట్టేశాం. యోహాను 11:16లో ‘ఆయనతోకూడ చనిపోవుటకు మనమును వెళ్లుదము’ అన్నది ఇతనే. అది ఎవరికీ గుర్తుండదు. యేసు తిరిగి లేచాడంటే నమ్మని ఒక్క వారం అనుమానానికి రెండు వేల ఏళ్ళ బిరుదు! అదీ మిగతావాళ్ళు అప్పటికే చూసి నమ్మినదాన్నే ఇతనూ చూస్తానన్నాడు. ఎనిమిది రోజులకు యేసు వచ్చి గాయాలు చూపించాడు గానీ ‘నువ్వు అనుమానివి’ అని ముద్ర వేసి పంపెయ్యలేదు.

‘వోన్లీ’ కూడా అలాంటి బిరుదే తమ్ముడూ. మూడు నెలల కిందటి ఒక్క మాటని ఇంటిపేరు చేసుకోకు.

సైదాపేట_చెల్లి · శనివారం రాత్రి 9:10

అన్నయ్యలూ, ఇంకో కోణం చెప్పొచ్చా. మా గుడిలో సాక్ష్యాల సమయం అంటే నాకు గుండెలో రాయి. ఒకరికి వీసా, ఒకరికి ప్లాటు, ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం. నేను మూడుసార్లు పరీక్ష తప్పాను. తప్పినవాళ్ళకి మైకు ఇవ్వరు. ‘నీవు దేవుని బిడ్డవు’ అనే మాట గెలిచినవాళ్ళ నోట వినీ వినీ, నేను బిడ్డను కానేమో అనిపించేది. కాబట్టి ఆఫీసు మీద ఎంత కోపమో గుడి మీదా అంతే పెట్టుకోండి, తప్పులేదు.

నాకు సాయపడిన మాట రోమా 8:15, ‘దత్తపుత్రాత్మ’. అది నాకు వట్టి పోలిక కాదు. నన్ను మా పెద్దమ్మ దత్తత తీసుకుంది. బళ్ళో ఎవరో ‘పెంచుకున్న పిల్ల’ అంటే ఏడుస్తూ ఇంటికొచ్చాను. పెద్దమ్మ చేపలు కడుగుతోంది. చేతులు కూడా తుడుచుకోకుండా అంది: ‘కన్నవాళ్ళు ఎవరు పుడితే వాళ్ళని పెంచాలి. నేను నిన్ను చూసి, తెలిసి తెచ్చుకున్నా.’

రోమాలో దత్తత ఎక్కువగా పెద్దవాళ్ళకే జరిగేదట, ఆస్తికీ పేరుకీ వారసుడు కావాలని. అగస్టస్ చక్రవర్తి కూడా జూలియస్ సీజరు వీలునామాతో కొడుకైనవాడే. రోమా సంఘంలో ఆ ఉత్తరం విన్న దాసులకు ఆ మాట ఎలా తగిలుంటుందో అనుకుంటాను. ముద్దొచ్చే పసిపాపని తెచ్చుకోవడం వేరు, లోపాలన్నీ తెలిసిన పెద్ద మనిషిని తెచ్చుకోవడం వేరు.

నాలుగోసారి పరీక్ష రాయాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. ఏదైనా పెద్దమ్మ కూతుర్నే.

నిర్వాహకుడు · శనివారం రాత్రి 9:30

అన్య భాషలు, బాప్తిస్మ పద్ధతి గురించి మొదలైన మూడు పోస్టులు వేరే దారానికి మార్చాను. ఇక్కడ అబ్బాయి సంగతే మాట్లాడుదాం.

కాలువ_గట్టు · ఆదివారం మధ్యాహ్నం 3:20

గుండ్లకమ్మ అబ్బాయ్, నీ పేరు చూసే రాస్తున్నా. పాత రికార్డులు తిరగేయడం నా పిచ్చి. కొంచెం పొడుగవుద్ది, ఓర్చుకో.

షోళింగనల్లూరు కూడలి నుంచి అక్కరై వైపు పోయే రోడ్డు మీద వంతెన వస్తుందే, దాని కింద ముక్కు మూసుకునే కంపుతో పారేది బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు కోస్తా ఆంధ్రా నుంచి చెన్నై మీదుగా 400 కి.మీ. పైచిలుకు పడవలు నడిచిన కాలువ. 1876-78 ధాత కరువులో దాని తవ్వకం పనులు కరువు పనులుగా జరిగాయి. అప్పటి మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరే పెట్టారు. ఒంగోలు వైపు మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నది ఎవరో తెలుసా? మన బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ. మిషనుకు రాకముందు సర్వే పని చేసిన మనిషి. పని ఇస్తే కూలి వస్తుంది, కూలి వస్తే జనం బతుకుతారు అని లెక్క. తవ్వినవాళ్ళలో ఎక్కువమంది మాదిగపల్లెల జనం.

బియ్యం కోసం క్రైస్తవులయ్యారు అనే ఎత్తిపొడుపు నువ్వూ వినే ఉంటావు. క్లౌ కూడా అదే భయపడి కరువు పనులు నడిచినంత కాలం, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు, డబ్బులు అయిపోయాకే ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర మీ గుండ్లకమ్మలోనే ఒక్క రోజున 2,222 మంది. అంతకు ముందు, 1860ల్లో, తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి చెప్పిన మాటే వాళ్ళు నమ్మింది.

ఆ రోజు నీళ్ళలోంచి లేచినవాళ్ళకు బావి దగ్గర చోటు లేదు, బడిలో చోటు లేదు. మర్నాడు కూడా లేదు. కానీ ఊరు పిలిచే పేరు కాకుండా ఇంకో పేరుతో ఒకడు తమని పిలిచాడని వాళ్ళు నమ్మారు, పిల్లల్ని బడికి పంపారు. నువ్వు వాళ్ళలో ఎవరి మనవడివో నాకు తెలియదు, అడగను కూడా. నీ క్యాబ్ రోజూ పోయేది మాత్రం మనవాళ్ళు పారలేసిన కాలువ పక్కనే. ‘ఇక్కడివాడివి కాదు’ అన్న గొంతుకు ఆ సంగతి చెప్పు.

గుండ్లకమ్మ_కుర్రోడు · ఆదివారం రాత్రి 10:02

కాలువ అన్నా, ఇది రెండుసార్లు చదివా. మా జేజి పాత పాటల పుస్తకం అట్టలో పేర్లు రాసుంటయ్, ఆమె తాత దాకా. ‘మీరేమిట్లు’ అని ఆఫీసులో ఎవరూ కులం అడగరు. ఇంటిపేరు విని ఒక్క క్షణం ఆగుతారు, అంతే. ఆ ఆగడం నాకు ‘వోన్లీ’ కంటే ఎక్కువ వినపడతది. ఇన్నాళ్ళూ అది ఒప్పుకోలేదు.

మైలాపూరు_మూర్తి · సోమవారం ఉదయం 8:15

నేను మీ మతం కాదు, తెలుగువాణ్ణి కాబట్టి చదువుతుంటాను. వేరే కంపెనీలో ఇలాంటి ప్యానెళ్ళలో కూర్చుంటుంటాను. యాస ఎవరూ పట్టించుకోరని చెప్తే అబద్ధం. కానీ మార్కులు పోయేది యాస దగ్గర కాదు. భయపడ్డవాడు వేగం పెంచుతాడు, గొంతు తగ్గిస్తాడు, చివరి మాటలు మింగేస్తాడు. అప్పుడు నిజంగానే అర్థం కాదు. మొదటి మూడు వాక్యాలు బట్టీ పట్టు. తర్వాత ఒక రాత్రి సర్వర్ పడిపోయిన కథ చెప్పు, గంటా నిమిషాలతో సహా. నీళ్ళ సీసా పెట్టుకో.

ఇంకోటి. పని వచ్చినవాళ్ళకే ‘నాకు రాదు, ఎప్పుడో పట్టుబడతాను’ అనే భయం ఉండటం గురించి 1978లోనే పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు రాశారు. వాళ్ళు చూసింది బాగా చదువుకున్న, పేరు తెచ్చుకున్న ఆడవాళ్ళని. నీ ఒక్కడి జబ్బు కాదు.

పెరంబూరు_ఆంటీ · సోమవారం ఉదయం 8:40

మూర్తిగారూ, బాగా చెప్పారు. కుర్రోడా, కాఫీ రెండుకు తగ్గించు. ఇడ్లీ కట్టించుకుని క్యాబ్‌లో తిను.

విజయ_ధ్వని · సోమవారం రాత్రి 10:20

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ళుగా నాకు ఉద్యోగం లేదు. ఆ ఇరవై ఒక్కసార్లు నాకోసం పెట్టుకున్నది. 4:12 ఇంతవరకు గట్టిగా చదవలేదు. తోమా గారు, కోపం లేదు.

ప్రశ్నల_తోమా · సోమవారం రాత్రి 10:31

అన్నా, నా మాటలో వెటకారం ఎక్కువైంది, క్షమించండి. ఏ రంగం మీది? వేరుగా మెసేజ్ పెట్టండి, నేను చేసే చోట ఖాళీలు అడుగుతాను.

గుండ్లకమ్మ_కుర్రోడు · ఆదివారం రాత్రి 8:45

గురువారం అయిపోయింది. కెమెరా పెట్టా. ‘వోన్లీ’ రెండుసార్లు వచ్చింది. మొదటిసారి చెవులు కాలినయ్, రెండోసారి నేనే గమనించలా, తర్వాత రికార్డింగ్‌లో విన్నా. ఇరవై అనుకున్నది ముప్పై ఒక్క నిమిషాలైంది, ప్రశ్నలు అడుగుతానే ఉన్నారు. ఫలితం నెలాఖరుకు. వణుకు ముందు రోజు రాత్రి వచ్చింది, అబద్ధమెందుకు. పెరట్లో పేతురును తలుచుకుని ‘ఈ నోరు నీకు తెలుసు ప్రభువా’ అన్నా, ఇంకేం మాటలు రాలా.

ఇవాళ యూత్‌లో పాఠం పక్కనబెట్టి బాత్రూం సంగతి చెప్పేశా. ఎవరూ నవ్వలా, ఎవరూ ఆమేన్ అనలా. కూటం అయ్యాక కుర్చీలు సర్దుతుంటే ఒక పిల్లాడు వెనకాలే ఉండిపోయాడు. ఈ మధ్యే చేరాడు, మా పక్క బిల్డింగ్‌లోనే ఉద్యోగం. చివరికి అడిగాడు, ‘అన్నా, మీది ఏ ఫ్లోరు బాత్రూం? మాది ఆరు.’

పెరంబూరు_ఆంటీ · ఆదివారం రాత్రి 9:00

ఆ పిల్లాడికి 14416 ఇచ్చావా? వచ్చే ఆదివారం ఇద్దరూ కూటం అయ్యాక మా ఇంటికి భోజనానికి రండి. చేపల పులుసు తింటాడేమో కనుక్కో.